జెట్ అమ్మేశాడంటే కంపెనీ మునిగినట్టేనా?

భీమవరం చెరువుగట్టు:
మొన్న మా పక్క చెరువులో పట్టుబడి అండి. 40 కౌంట్ రొయ్య, అంటే కిలోకి నలభై తూగేది. తూకం అయిపోయి ట్రేలు లారీకెక్కిస్తుంటే తెల్లవారుజామున మూడున్నరకి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. సరుకు కొంటున్న ఎగుమతి కంపెనీ ఓనరు తన పెద్ద జెట్‌ని అమ్మేశాడట, విమానాలు ఎక్కడున్నాయో చూపించే ట్రాకింగ్ సైట్‌లో నెల నుంచీ అది కనబడటం లేదట. కింద రన్‌వే మీద తెల్ల విమానం ఫొటో. అంతే, రైతు వెళ్ళి లారీకి అడ్డం నిలబడ్డాడు. డబ్బు పడితేనే బండి కదలాలన్నాడు. ఏజెంటు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు, లారీ కింద నుంచి ఐసు నీళ్ళు గట్టు మట్టిలోకి కారిపోతున్నాయి. ఏడు దాటాక బండి కదిలింది. సరుకు మెత్తబడిందని రేటు కోసేశారు. ఇలాంటి పుకార్లు మన గ్రూపుల్లో పెట్టకూడదని నా మాట. మీరేమంటారు?

ఆకివీడు బాకీ:
పెట్టొద్దంటే ఎలా అండి? సరుకు ఈ రోజు తీసుకెళ్ళి డబ్బు నెలకో నెలన్నరకో ఇస్తారు. అప్పటిదాకా మన చేతిలో ఉండేది తూకం చీటీ ఒక్కటే. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకాలు 50 శాతానికి పెంచినప్పుడు ఎంత టెన్షన్ పడ్డామో అందరికీ తెలుసు. మా నాన్నగారి రోజుల్లో ఒక కొనుగోలుదారు రాత్రికి రాత్రి తాళం వేసి పోయాడు. రెండ్రోజుల ముందే ఊళ్ళో గుసగుసలు వచ్చాయి. వాటిని నమ్మినవాళ్ళు వెళ్ళి డబ్బు తెచ్చుకున్నారు, మా నాన్నగారు నమ్మలేదు. ఎకరం అమ్మాల్సొచ్చింది.

మధురపూడి రన్‌వే:
నేను కొన్నాళ్ళు విమానాశ్రయంలో గ్రౌండ్ డ్యూటీ చేశాను. ఆ ఫొటో నాకూ వచ్చింది. పెద్దది చేసి చూస్తే తోక దగ్గర నంబరు 'ఎన్'తో మొదలవుతోంది, అంటే అమెరికా రిజిస్ట్రేషన్. మన దేశంలో రిజిస్టరైన విమానమైతే 'వీటీ' అని ఉంటుంది. పైగా అమెరికా రిజిస్టర్‌లో చాలా జెట్‌లకు ఓనరుగా ఏదో ట్రస్టు పేరో బ్యాంకు పేరో ఉంటుంది. అసలు మనిషెవరో దాన్ని చూసి చెప్పలేం. మన దగ్గర అద్దెకు తిప్పే విమానాల జాబితా, నంబర్లతో సహా, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ బయటపెడుతుంది. జెట్‌లో దిగినవాళ్ళంతా దానికి ఓనర్లు కారు.

ట్రాకింగ్‌లో కనబడకపోవడం కూడా రుజువు కాదు. మా విమానం వివరాలు చూపించొద్దని ఓనర్లు అమెరికా విమానయాన శాఖను కోరొచ్చు. పెద్ద చెకింగ్‌కి షెడ్డులో పెడితే వారాల తరబడి బయటికి రాదు. అమ్మకమైనా ఒక్కరోజులో తేలే పని కాదు. రేటు కుదిరాక అడ్వాన్సు మూడో మనిషి దగ్గర ఉంచుతారు. ఆ తర్వాత కొనేవాళ్ళ మెకానిక్‌లు ఇంజిన్‌లోకి సన్నటి కెమెరా దించి బ్లేడ్లు చూస్తారు, లాగ్‌బుక్‌లు పేజీ పేజీ తిప్పుతారు. అక్కడ లోపం బయటపడి బేరం చెడిపోవడం మామూలే.

ఆకివీడు బాకీ:
సరేనండి, ఆ ఫొటో తప్పే అనుకుందాం. నిజంగా అమ్మితే మాత్రం చేతిలో డబ్బు లేకనే కదా?

మధురపూడి రన్‌వే:
పాతది ఇచ్చేసి కొత్తది కొనేవాళ్ళూ ఉంటారు బాబాయ్. నిజంగా మునిగిన వాళ్ళ సంగతి చూద్దాం. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ 2012 అక్టోబరులో ఆగిపోయింది. దాని ఓనరు విజయ్ మాల్యా వాడిన ఎయిర్‌బస్ ఎ319 విమానాన్ని సర్వీస్ ట్యాక్స్ బకాయిల కింద వేలానికి పెట్టారు. 2016లో 152 కోట్లు అడిగితే వచ్చిన పాట 1.09 కోట్లు. చివరికి 2018లో దాదాపు 35 కోట్లకు పోయింది. అంటే కంపెనీ పడిపోయిన ఆరేళ్ళకు విమానం అమ్ముడైంది. అక్కడి ఉద్యోగులకు జీతాలు ఆగింది మాత్రం మూతపడక ముందే. విమానం కబురు కోసం కూర్చున్నవాడికి ఆరేళ్ళు ఆలస్యంగా తెలిసేది.

నరసాపురం గ్రేడింగ్:
అన్నయ్య గారూ, ఆ జీతాల మాట దగ్గర ఆగాను. నేను రొయ్యల ప్లాంటులో గ్రేడింగ్ చేస్తాను, అంటే సైజుల వారీగా వేరుచేస్తాను. ఏ ప్లాంటో చెప్పను. కిందటేడు మాకు ఓవర్‌టైమ్ డబ్బు మొదట వారం ఆగింది, తర్వాత మూడు వారాలు. ఆ నెలలోనే రైతులకూ చెల్లింపులు వెనక్కి జరిగాయి. అది ఏ గ్రూపులోనూ రాలేదు. ఎవరిదో తెలియని విమానం ఫొటో అయితే రాత్రికి రాత్రే జిల్లా అంతా తిరిగింది.

ఆకివీడు బాకీ:
నీ మాట కాదనలేను తల్లీ. కానీ ఏదైనా చెవిన పడితే ఊరుకోమంటే నా వల్ల కాదు. నేను చెబుతాను.

భీమవరం చెరువుగట్టు:
చెప్పండి బాబాయ్. కాకపోతే తోక నంబరు, తేదీ లేని ఫొటో నేను మాత్రం ముందుకు పంపను. మా గ్రూపులో ఇవాళ్టి నుంచి సరుకు ఇచ్చిన తేదీ, డబ్బు పడిన తేదీ రాసుకుందాం అంటున్నాను. ముందు నా చీటీ: కిందటి నెల 4న సరుకు ఇచ్చాను, 27న డబ్బు పడింది.