మడ్‌పప్పీ అని కొన్నాం, వెనక కాళ్ళు లేవు. ఇదేమిటండీ?

ప్రశ్న: మేం హ్యూస్టన్‌లో ఉంటాం. మా అబ్బాయి మారాం చేస్తే పెట్ షాపులో మడ్‌పప్పీ (నీళ్ళలో బతికే ఒక రకం సాలమాండర్, అంటే తోక ఉండే ఉభయచరం) అని చెప్పి ఒకటి ఇచ్చారు. జానెడు పొడవు, బూడిద రంగు, ఒళ్ళంతా మలుగుపాములా ఉంది. మెడకి రెండు పక్కలా కుచ్చుల్లాంటి మొప్పలు. ముందర రెండు బుల్లి కాళ్ళున్నాయి. వెనక కాళ్ళు పెద్దయ్యాక వస్తాయన్నారు, నిజమేనా? మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగుతోంది, అదొక టెన్షన్.

జవాబు: రావండీ. మడ్‌పప్పీకి నాలుగు కాళ్ళూ ఉంటాయి. మీది సైరన్ అనే మరో రకం సాలమాండర్, దానికి జీవితాంతం రెండు కాళ్ళే. మొప్పలతో పాటు ఊపిరితిత్తులు కూడా ఉంటాయి కాబట్టి గాలి మింగడం దానికి మామూలే. అది అద్దానికి ఆనుకున్నప్పుడు పాదాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, పెద్దది చేసి వేళ్ళు లెక్కపెట్టండి. మూడుంటే డ్వార్ఫ్ సైరన్, చిన్నగానే ఉండిపోతుంది. నాలుగుంటే రెండడుగుల దాకా, ఒక్కోసారి అంతకు మించి పెరుగుతుంది. తొట్టి ఆ లెక్కన చూసుకోవాలి.

ఇంకొకరు: మాకు వాటర్‌డాగ్ అని అమ్మారు. నాలుగు కాళ్ళు, మొప్పలు ఉన్నాయి. అది కూడా ఇదేనా?

జవాబు: కాదు. మీరు వెనక పాదం చూడండి. నాలుగు వేళ్ళుంటే మడ్‌పప్పీ, దానికి చల్లటి నీళ్ళు కావాలి. అయిదుంటే చాలావరకు టైగర్ సాలమాండర్ పిల్ల, లేదంటే ముదురు రంగు ఆక్సొలాటల్ (ఇదీ ఒక సాలమాండరే). చిన్నప్పుడు ఈ రెండింటినీ పోల్చుకోవడం నిజంగా కష్టం. మొప్పలు కుంచించుకుపోయి, కళ్ళకి రెప్పలు వస్తుంటే టైగరే. వెంటనే నీళ్ళు తగ్గించి, ఎక్కి కూర్చోవడానికి గట్టు ఏర్పాటు చేయండి, లేకపోతే మునిగి చచ్చిపోతుంది. ఒకవేళ బయటికి మొప్పలే లేకుండా, దారప్పోగుల్లాంటి నాలుగు కాళ్ళుంటే అది యాంఫియూమా అనే ఇంకో రకం సాలమాండర్. తొట్టిలో చెయ్యి మాత్రం పెట్టకండి, గట్టిగా కరుస్తుంది.

మొదటి ప్రశ్న అడిగినవారు: ఫొటో తీశాను, నాలుగు వేళ్ళు. అంత పెద్ద తొట్టి మా వల్ల కాదు. ఇంటి దగ్గరి బయూలో (మెల్లగా పారే వాగులో) వదిలేయొచ్చా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. అక్కడి జీవులకి లేని రోగం దీంతో వెళ్ళొచ్చు. సాలమాండర్ల చర్మాన్ని తినేసే ఒక బూజు భయంతోనే 2016లో అమెరికా 20 ప్రజాతుల దిగుమతిని ఆపింది, అందులో సైరన్ కూడా ఉంది. టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ (రాష్ట్ర వన్యప్రాణి శాఖ) వాళ్ళకి ఫొటో పంపి, ఉంచుకోవచ్చో లేదో, ఎవరికి అప్పగించాలో అడగండి. అప్పటిదాకా క్లోరిన్ తీసిన నీళ్ళు, తినడానికి వానపాములు చాలు. మూత మీద బరువు పెట్టండి, సందు దొరికితే బయటికి జారుకుంటుంది.