సమస్యాపూరణం: “అచలమే గడగడలాడి యదరిపడియె”

సంచాలకులు:

ఈ వారపు సమస్య ఇది. దీనిని చివరి పాదంగా ఉంచి, పై మూడు పాదాలూ మీరు పూరించాలి.

అచలమే గడగడలాడి యదరిపడియె.

కదలికను చెప్పే ‘చల’ శబ్దానికి ముందు ‘అ’ చేర్చి, కదలనిదని పేరు పెట్టి, మళ్లీ దానినే గడగడలాడించడం నాకు నచ్చి ఈ పాదాన్ని ఇస్తున్నాను. సంస్కృతంలో ‘అచల’, ‘స్థిర’ అన్నవి రెండూ భూమికి పేర్లే. భూకంపమన్న మాటా ఆ భాషలోనిదే. వణకును తెలిపే మఱొక మాటను, అది ఏ భాషదైనా సరే, పూరణలోకి ఒప్పుగా తీసుకొని వచ్చినవారి పద్యాన్ని ముందుగా పరిశీలిస్తాను.

గణమిత్ర:

దశముఖుండు బాహుబలపు దర్పమునను
వెండికొండను పెకలింప వేగిరపడ
గౌరి శివుని కౌఁగిటఁ జేరఁ గంపమంది
అచలమే గడగడలాడి యదరిపడియె.

యతిప్రియ:

మొదటి రెండు పాదాల నడక బాగున్నది. మూడవ పాదంలోని ‘కంపమంది’ అన్న క్త్వార్థకానికి (‘చేసి’, ‘వచ్చి’ వంటి అసమాపక క్రియకు) కర్త గౌరియా, కొండయా అన్నది తేలడం లేదు. కొండయే కర్త అనుకొంటే ఒక్క కొండకు కంపం, గడగడ, అదరుపాటు అని మూడు వణకులు వచ్చి పడ్డాయి. సముద్రం మీద ఇచ్చిన సమస్యకు గణమిత్ర గారు పంపిన పూరణలోనూ ‘ఊగి తూగి చలించి’ అని ఒకే అలను మూడుసార్లు కదిపారు. గణాలు నిండడానికి పర్యాయపదాలను పేర్చడం వారికి అలవాటుగా మారుతున్నదని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

గణమిత్ర:

ఆ మూడూ ఒకటి కావు. ‘కపి చలనే’ అన్న ధాతువు నుండి వచ్చిన కంపం చిన్నదైనా పెద్దదైనా ప్రతి వణకుకూ చెల్లుతుంది. గడగడలో చప్పుడు కూడ వినిపిస్తుంది. అదరిపడడం ఒక్క క్షణంలో జరిగి ముగిసే ఉలికిపాటు. అన్వయంలో మాత్రం అనుమానానికి చోటుండకూడదు కనుక, మూడవ పాదాన్ని ఇట్లా చదువుకొనవలసిందిగా మనవి.

గౌరి కంపించి శివు వెసఁ గౌఁగిలింప

ఇప్పుడు కంపం అమ్మవారిది, గడగడ కొండది.

సంచాలకులు:

సవరించిన పాఠం ఎంతో మేలు. భయంతో వణికే ఒడలికి సంస్కృత శబ్దాన్నీ, రాళ్లు దొర్లే కొండకు తెలుగు అనుకరణ శబ్దాన్నీ వేఱు వేఱుగా ఉంచడం వల్ల రెండింటి బలమూ తెలిసింది. అదురు అన్నది మన ఒక్కరి మాటే కాదు. తమిళంలో ‘అదిర్’ కదలికకూ మ్రోతకూ చెల్లుతుంది, దాని నుండి వచ్చిన ‘అదిర్చ్చి’ ఉలికిపాటును చెబుతుంది. సమస్యలోని చివరి మాటలో ఆ రెండర్థాల నీడా ఉన్నది.

యతిప్రియ:

నా పూరణ.

పలక పలకను నొరయంగఁ బగులు వాఱి
హిమము గప్పిన శిఖరాలు నెగసిపడఁగ
స్థిర యనెడి పేరు వ్యర్థమై చెదరిపోవ
అచలమే గడగడలాడి యదరిపడియె.

ఇక్కడ అచలమంటే భూమి. భూమి పైపొరలోని పలకలు ఒకదానినొకటి నెట్టుకొనడం వల్లనే హిమాలయాలు లేచాయి. ఆ ఒత్తిడి తెగినప్పుడల్లా నేల కంపిస్తుంది. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో వచ్చిన గోర్ఖా భూకంపానికి ఎవరెస్టు క్రింది శిబిరం మీద మంచు విరిగిపడడం నా మనసులో ఉన్నది.

గణమిత్ర:

‘శిఖరాలు నెగసి’ అన్నచోట ఆ నకారం ఎక్కడి నుండి వచ్చింది? ‘శిఖరాలు’ కళ, అంటే దానికి చివర ద్రుతమనే నకారం లేదు. చివరి ఉకారం తరువాతి అచ్చులో కలిసిపోయే ఉత్వసంధి నిత్యం కనుక ‘శిఖరాలెగసి’ అని తీరవలసిందే, అప్పుడు గణం తప్పుతుంది. ఇతరుల క్త్వార్థకాలకు కర్తను వెదికే శ్రద్ధలో సగమైనా తమ సంధుల మీద పెట్టి ఉంటే ఈ అక్షరం జారేది కాదు. ఇంకొకటి: భూమికి పేరు ‘అచల’, స్త్రీలింగం. ‘అచలము’ అంటే కొండయే.

పదశోధిని:

గణమిత్ర గారు చెప్పిన రెండూ సరియైనవే. అయినా పద్యం, దాని క్రింద వ్రాసిన వివరణ కంటె గొప్పదని నా అభిప్రాయం. రెండవ పాదంలో శిఖరాలు ఉండనే ఉన్నాయి కనుక అచలాన్ని కొండగానే విడిచిపెడితే, మూడవ పాదంలోని ‘స్థిర’ భూమికి నిలుస్తుంది; కదలనివని పేరుపొందిన రెండూ ఒకే పద్యంలో కదులుతాయి. సంధికి ఈ పాఠాన్ని సూచిస్తున్నాను.

హిమము గప్పిన శిఖరమ్ము లెగసిపడఁగ

సంచాలకులు:

పదశోధిని గారి సూచనతో ఈ పూరణను స్వీకరిస్తున్నాను. సంస్కృతం, తెలుగు కంపం అన్న పేరునే నేల వణకుకు పెట్టగా, తమిళం తన నడుంగు ధాతువుతో ‘నిలనడుక్కం’ అన్నది. కన్నడంలో ‘నడుగు’, తెలుగు నిఘంటువుల్లో ‘నడుకు’ దానికి తోబుట్టువులు. మనం ఆ మాటను దాదాపు విడిచిపెట్టాము; ఎవరైనా పద్యంలో వాడితే సంతోషిస్తాను.

రేఫ:

వేపథువు మేనఁ బొడసూప విల్లు జాఱె
నుభయసేనలు చూడంగ నోష్ఠ మెండె
మేరుధీరుఁడౌ పార్థుని మేను చూడ
అచలమే గడగడలాడి యదరిపడియె.

యతిప్రియ:

రేఫ గారికి అభినందనలు. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు తన నోటితోనే చెప్పుకొన్న ‘వేపథువు’, అంటే వణకు, ఈ పద్యంలో అలంకారంగా కాక అవసరంగా వచ్చింది. ‘టువేపృ కంపనే’ అన్న ధాతువుకు మొదట గుర్తుగా ఉన్న ‘టు’ అనుబంధం వల్ల ‘అథుచ్’ ప్రత్యయం చేరి ఆ రూపం సిద్ధిస్తుంది. ఇక్కడ ఒక్క పదం చేసిన పనిని మొదటి పూరణలో మూడు పదాలు కలిసి చేయలేకపోయాయి.

పదశోధిని:

చలదళమ్మని రావికి సంస్కృతమున
త్రెముల యనిరి లాటినువారు దీని తోటి
తరువు, గాలి లేకున్నను దళముఁ గనుఁడు!
అచలమే? గడగడలాడి యదరిపడియె!

రావిని అమరకోశం చలదల మన్నది, కదిలే ఆకులు గలదని. ఐరోపాలోని ఆస్పెన్ చెట్టుకు 1753లో లిన్నయస్ పెట్టిన పేరులోని రెండవ మాట ‘ట్రెములా’, అంటే వణికేది. ఒకరినొకరు ఎఱుగని ఇద్దరు చెట్టును చూచి ఒకే పేరు పెట్టారు.

గణమిత్ర:

‘అచలమే?’ అని ప్రశ్నగా విఱవడంతో సమస్య మొత్తం విడిపోయింది. ఒక్క అక్షరమూ మార్చకుండ, కొండను పూర్తిగా తప్పించి ఆకును తెచ్చిన ఈ నేర్పు ఈ వారపు పూరణలన్నింటిలోనూ మేటి.

యతిప్రియ:

విఱుపు నాకూ నచ్చింది. కాని వివరణలో ‘ట్రెములా’ అని వ్రాసి, పద్యంలో ‘త్రెముల’ అని వ్రాయడం యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరం ‘దీని’లోని తొలి అక్షరంతో పొసగడం కోసం కాదా? ట్రె అంటే దీకారంతో యతి చెల్లదు. అన్యభాషా పదమన్న నెపంతో వర్గాన్ని మార్చుకొంటూ పోతే ఇక నియమం దేనికి?

గణమిత్ర:

ఈ నియమం యతిప్రియ గారికి ఇంతకు ముందు గుర్తుకు రాలేదు. కన్నీటి మీద ఇచ్చిన సమస్యకు వారే ఉర్దూలో భూకంపాన్ని చెప్పే ‘జల్‌జలా’ను తెచ్చి, మన ‘జలజల’తో శ్లేష కూర్చి, దానికి చకారంతో యతి వేశారు. అరబ్బీ నుండి వచ్చిన ఆ మాటలోని తొలి హల్లు మన జకారం కాదు. నాలుక కొసను పండ్ల దగ్గర ఉంచి గాలి ఒరసుకొనేటట్లు పలికే ధ్వని. ఆనాడు మేమందరం శ్లేష అందాన్ని చూచి మెచ్చుకొన్నాము.

పదశోధిని:

నెపమేమీ లేదు. లాటిను తకారం దంత్యం; ట్రెములా అన్నది ఇంగ్లీషు మీదుగా మనకు అలవాటైన పలుకు కనుక వివరణలో అట్లా వ్రాశాను, పద్యంలో ఆ భాషవారి పలుకును నిలిపాను. ఇక జల్‌జలా గుఱించి యతిప్రియ గారిని సమర్థిస్తాను. ఆ మాటను పుట్టించిన అరబ్బీ ధాతువే జంట పలుకు. మన గడగడ, తమిళుల వెడవెడ, హిందీ థర్‌థర్, జపనీయుల బురుబురు కూడ జంట పలుకులే. వణకులో ఒకే కదలిక మళ్లీ మళ్లీ వస్తుంది కనుక, నోరు కూడ ఒకే అక్షరాన్ని మళ్లీ పలికింది. ఆ శ్లేష ఒట్టి శబ్దసామ్యం మీద నిలిచినది కాదు.

సంచాలకులు:

త్రెముల పాఠం నిలుస్తుంది. మూలభాషలోని ఉచ్చారణ తెలిసి వ్రాసినప్పుడు దానికే యతి చూడాలి. తెలియనప్పుడు వాడుకలోని ఉచ్చారణకు చూడాలి. నా అభ్యంతరం వేఱొకచోట ఉన్నది. ‘గాలి లేకున్నను’ అన్నది నిజం కాదు. ఆస్పెన్ ఆకు తొడిమ గుండ్రంగా ఉండదు. ఆకు తలానికి అడ్డంగా, పక్కలు నొక్కినట్లు పలుచగా ఉంటుంది. అందువల్లనే ఇతర చెట్లు నిశ్చలంగా ఉన్నప్పుడు కూడ అది తిరుగుతుంది. రావి ఆకు తొడిమ సన్నగా, పొడవుగా ఉండి వ్రేలాడుతుంది. రెండింటికీ గాలి కావలసిందే, కొద్దిగా చాలు.

పదశోధిని:

తరువు, సన్నని గాలికే దళముఁ గనుఁడు!

యతిప్రియ:

ఈ పాఠం విన్న తరువాత నాకు వేఱే ఆక్షేపణ లేదు. త్రెముల మీద సంచాలకుల తీర్పును అంగీకరిస్తున్నాను, అదే తీర్పును నా జల్‌జలాకు కూడ వర్తింపజేయాలని కోరుతున్నాను. ‘నడుకు’తో ఒక పూరణ ఆరంభించాను, గణమిత్ర గారు సంధులు చూచి పెడితే రేపు పంపుతాను.

గణమిత్ర:

పంపండి, చూస్తాను. ద్రుతాల దగ్గర మాత్రం మొహమాటపడను.