చీలమండ ఆపరేషన్ తర్వాత కోలుకోవడాన్ని కొలిచే ప్రశ్నపత్రం: పరుగు, ఎగరడం ప్రశ్నలు తీసేయొచ్చా?

ఫిజియో_అనంతపురం:
చీలమండ విరిగి ప్లేటు, స్క్రూలు వేయించుకున్నవాళ్లు ఎంతవరకు కోలుకున్నారో చూడటానికి ఒలెరుడ్-మొలాండర్ స్కోరును తెలుగులోకి తెస్తున్నాం. మా దగ్గరికొచ్చేది ఎక్కువగా పల్లెలవాళ్లు. పరుగు, ఎగరడం ప్రశ్నలకు పెద్దవాళ్లు "ఈ వయసులో నాకెందుకయ్యా" అని జవాబివ్వడం లేదు. వాటి బదులు కలుపు తీయడం, శెనక్కాయ పీకడం పెట్టొచ్చా? చదువు రానివాళ్లకు ఎవరు చదివి వినిపించాలి?

ఎముకల_విభాగం_కర్నూలు:
తీయొద్దు సార్. తొమ్మిది ప్రశ్నలు కలిస్తేనే 100. ఒకటి మార్చినా మీ అంకెలను బయటి అధ్యయనాలతో పోల్చలేరు.

మీ అసలు ఇబ్బంది వేరేచోట ఉంది. ఆ 100లో నొప్పికి 25, పనికి 20, గొంతుకూర్చోవడానికి 5 మాత్రమే. కలుపు తీయాలన్నా, నేల మరుగుదొడ్డి వాడాలన్నా మన పల్లెల్లో గొంతుకూర్చోక తప్పదు. మడమ నేలకు ఆనించి కూర్చోవాలంటే చీలమండ దగ్గర కాలు ముందుకు బాగా వంగాలి, బిగిసిన కీలు అక్కడే అడ్డం తిరుగుతుంది. అది అస్సలు చేతకానివాళ్లకు కూడా మిగతావన్నీ బాగుంటే 95 వస్తుంది, అంటే "చాలా బాగుంది" కింద లెక్క! అందుకని పాత స్కోరును అట్లే ఉంచి, మన పనులకు వేరే అనుబంధం రాయండి. దాని మార్కులు విడిగా చూపించండి, 100లో కలపొద్దు.

గణాంకాలు_కడప:
అనుబంధంలో ఏముండాలో మనం కూర్చుని ఊహించకూడదు. కూలీలు, ఆటో నడిపేవాళ్లు, నాపరాయి గనుల్లో బరువులెత్తేవాళ్లు, ఇంటిపని చేసే ఆడవాళ్లు, అందరినీ విడివిడిగా అడగండి. కొత్త మాట రావడం ఆగేదాకా అడగాలి. ఒక ప్రశ్నలో ఒకే సంగతి ఉండాలి: "నొప్పి, వాపు ఉన్నాయా" అంటే వాపు మాత్రమే ఉన్నవాళ్లు ఏం చెప్తారు?

అనువాదం ఇద్దరు విడివిడిగా చేయాలి, రెండూ కలిపి ఒకటి చేయాలి, ఆ తెలుగును మూలం చూడని ఇద్దరు తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. తర్వాత 30-40 మందికి చదివి, "మీకేమర్థమైంది?" అని వాళ్ల మాటల్లోనే చెప్పించుకోండి. ఇది తొందరగా ముగించేస్తే తర్వాత ఏ లెక్కా కాపాడలేదు.

నిలకడ చూడటానికి కనీసం 50 మందిని, వీలైతే 100 మందిని రెండు వారాల తేడాతో రెండుసార్లు అడగాలి. ఆపరేషన్ అయిన ఆరో వారంలో వద్దు, అప్పుడు కాలు రోజురోజుకీ మారుతుంటుంది. ఏడాది దాటినవాళ్లను తీసుకోండి, రెండోసారి "అప్పటికీ ఇప్పటికీ తేడా ఉందా" అని కూడా అడగండి. రెండుసార్ల జవాబులు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే అంకె, ఐసీసీ, 0.70 దాటాలి. ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తున్నాయో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.95 దాటితే మాత్రం సంతోషపడొద్దు, ఒకే ప్రశ్నను తిప్పితిప్పి అడిగినట్టు. 15 శాతం కంటే ఎక్కువమందికి పూర్తి మార్కులొస్తే, బాగైనవాళ్లలో తేడా ఆ పత్రానికి దొరకడం లేదన్నమాట.

ఫిజియో_అనంతపురం:
చాలా ఉపయోగం మేడం. మరి పరుగు ప్రశ్న ఖాళీగా ఉంటే సున్నా వేయాలా?

ఎముకల_విభాగం_కర్నూలు:
వేయొద్దు, చేతకాదన్నట్టు అయిపోతుంది. "పరుగెత్తుతున్నారా" అని కాదు, "అవసరమొస్తే పరుగెత్తగలరా" అని అడగమని చదివేవాళ్లకు రాసివ్వండి, చాలా ఖాళీలు అక్కడే తగ్గుతాయి. అప్పటికీ చెప్పకపోతే ఖాళీ అనే నమోదు చేయండి. చదివేది ఆపరేషన్ చేసిన డాక్టరో, రోజూ వ్యాయామం చేయించే మీరో కాకూడదు. మొహమాటానికి "బాగుంది సార్" అంటారు. పక్కనున్న కొడుకో కోడలో జవాబు చెప్పకుండా కూడా చూసుకోవాలి.

గణాంకాలు_కడప:
అనుబంధంలో "గత ఏడు రోజుల్లో" అనే గడువు పెడితే, పల్లెవాళ్లకు "పోయిన బేస్తవారం నుంచి" అని ఆ రోజు పేరుతో చెప్పమనండి. లేకుంటే కట్టు విప్పిన నాటి నొప్పి కూడా కలిపేస్తారు.