కొత్త టైర్ చివరి జానెడు రిమ్ములోకి ఎక్కట్లేదు, హిమాలయన్ 411 వెనక చక్రం

పటమట హిమాలయన్:

అందరికీ నమస్తే. బండి హిమాలయన్ 411, స్పోకు చక్రాలు, ట్యూబ్ టైర్లు. వెనకది 120/90-17, అరిగి అరిగి మధ్యలో నున్నగా అయిపోయింది, కొత్తది తెచ్చి మూడు రోజులైంది, ఇంకా మా మేడ మీదే పడుంది. పాతది విప్పడం కష్టపడ్డా గానీ వచ్చేసింది. కొత్తదాని మొదటి పక్క సబ్బు నీళ్ళు రాసి కాళ్ళతో తొక్కితేనే దిగిపోయింది. ట్యూబు పెట్టి రెండో పక్క మొదలుపెట్టా, ముప్పావు వంతు దాకా బానే వచ్చింది, చివర ఒక జానెడు మిగిలింది చూడండి, అది సచ్చినా ఎక్కట్లేదు. ఇక్కడ లివర్ (టైర్ అంచు లేపే ఇనప బద్ద) వేసి లేపుతుంటే అటు పక్క అప్పటిదాకా లోపలున్నది బయటికొచ్చేస్తోంది, అటు సర్దితే మళ్ళీ ఇటు. మొన్న లివర్ జారి మోచేతికి తగిలింది, ఇంకా వాపుంది. అదే రోజు బలమంతా పెట్టి ఒకసారి ఎక్కించా కూడా, గాలి కొడితే నిలవలా, విప్పి చూస్తే ట్యూబుకి పక్కపక్కనే రెండు గాట్లు. కొత్త ట్యూబు అది. మళ్ళీ ఇంకోటి కొనుక్కొచ్చా.

షాపుకి తీసుకెళ్ళొచ్చుగా అంటారని ముందే చెప్తున్నా. పోయిన ఏడాది నాన్నగారిని వెనక కూర్చోబెట్టుకుని శ్రీశైలం వెళ్తుంటే దోర్నాల దాటాక ఘాట్‌లో పంచరైంది. దోర్నాల నుంచి పైకి దగ్గర దగ్గర 50 కిలోమీటర్లు అంతా అడివే, చీకటి పడితే గేట్లు వేసేస్తారు, మధ్యలో మనకి దిక్కు లేదు. చక్రం విప్పుకుని ఒక ట్రాలీ ఆటో ఆపి వెనక్కి దోర్నాల వెళ్ళి వేయించుకొచ్చా, మూడు గంటలు పట్టింది, ఆ మూడు గంటలూ డెబ్బై ఏళ్ళ మనిషి రోడ్డు పక్కన బండి దగ్గర ఒక్కరే కూర్చున్నారు. ఏమీ అనలేదు ఆయన. నాకే మనసొప్పలా. అందుకే మొత్తం పని నా చేత్తో రావాలి అని పట్టుబట్టా. పైగా ఇక్కడ ఒక షాపులో ఇంతకుముందు ముందు చక్రానికి టైర్ వేయిస్తే లివర్‌తో రిమ్ము అంచు రెండు చోట్ల చెక్కేశారు, డిస్కు వైపు నేల మీదే పడేసి తొక్కారు.

నా దగ్గర ఉన్నవి అడుగు పొడుగు లివర్లు రెండు. ఇంకా పొడుగువి కొనాలా? గ్రీజు రాస్తే జారుతుందా? లేకపోతే టైరే తేడా సైజు ఇచ్చారంటారా?


గుంటూరు 411:

పొడుగు లివర్ కొనమాక అన్నా. నేనూ మొదట్లో అదే పొరపాటు చేసి పంచరు షాపుల్లో వాడే పెద్ద రాడ్డు తెచ్చుకున్నా, దాంతో బలం ఎక్కువైపోయి ట్యూబు కొరికేయడం తప్ప ఏం ఒరగలేదు. మనకున్న అడుగు లివర్లే చాలు, కాకపోతే రెండు కాదు మూడుండాలి, ఒకటి ఎక్కినదాన్ని జారకుండా పట్టుకోవడానికి. ఒక్కోసారి రెండు మూడు వేళ్ళ వెడల్పే లేపాలి. నువ్వు చివర జానెడునీ ఒకేసారి లేపాలని చూస్తున్నావేమో. లివర్ లోపలికి ఎక్కువ దూర్చమాక, కొస మాత్రం అంచుకి తగులుకుంటే చాలు, లోతుకి పోతే కింద ట్యూబే దొరుకుద్ది. నీకు పక్కపక్కన రెండు గాట్లు పడింది అందుకే.

రిమ్ము చెక్కుకోకుండా నేను పాత ఇంజిన్ ఆయిల్ డబ్బా కోసి ఆ ప్లాస్టిక్ ముక్కలు మడిచి అంచు మీద పెడతా, లివర్ దాని మీద ఆనుద్ది. పైసా ఖర్చు లేదు. చక్రం కింద పాత కారు టైర్ వేసుకో, డిస్కు నేలకి తగలదు. స్ప్రాకెట్, అదే చైను పట్టుకునే పళ్ళ చక్రం, ఉన్న భాగం రబ్బర్ల మీదే కదా కూర్చునేది, అది ఊడొచ్చేస్తది, తీసి పక్కన శుభ్రమైన గుడ్డలో పెట్టు, మట్టి అంటకుండా.

ఇంకోటి, టైర్ పక్కన నాలుగు అంకెలు ఉంటాయి చూడు, 1823 అని ఉంటే 2023లో 18వ వారం తయారైనట్టు. షాపులో ఏళ్ళ తరబడి పడున్న టైర్ అయితే రబ్బరు గట్టిపడి ఉంటది, చేతులు పడిపోతాయి దాంతో. సైజు మాత్రం 120/90-17 అని రాసుంటే కరెక్టే, అనుమానం పెట్టుకోమాక.


ఆటోనగర్ పాత చెయ్యి:

నాయనా, గుంటూరు తమ్ముడు లివర్ల గురించి చెప్పింది నిజమే. కానీ నీ సమస్య లివర్ల దగ్గర లేదు, నువ్వు లివర్ వేసే చోటికి సరిగ్గా ఎదురు పక్కనుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్ళు ఈ పని చేశా, ఇప్పుడు నడుం నొప్పితో మానేశా గానీ చేతులకి గుర్తుంది.

టైర్ అంచులో ఉక్కు తీగ ఉంటుంది, బీడ్ అంటారే అది. అది సాగదు. నువ్వు ఎంత లాగినా మిల్లీమీటరు కూడా సాగదు, మరీ మొండిగా లాగితే లోపల తీగ తెగుతుంది, అప్పుడు టైరే పనికిరాదు. 17 అంగుళాలు అంటున్నామే, అది బీడ్ కూర్చునే చోటు కొలత, దాదాపు 43 సెంటీమీటర్లు. రిమ్ము అంచు దానికంటే చుట్టూ సెంటీమీటరుకి పైనే ఎత్తుగా ఉంటుంది. మరి సాగని తీగ అంత ఎత్తున్న అంచు దాటి ఎలా వస్తుంది? రిమ్ము మధ్యలో గాడి ఉంది కదా, స్పోకు నిపుల్స్, అంటే స్పోకులు బిగించే చిన్న నట్లు, వచ్చేచోటు, అందుకోసమే ఆ గాడి పెట్టింది. ఎదురు పక్క బీడ్ ఆ గాడిలోకి దిగిపోతే ఇటు పక్క అంత వదులొస్తుంది. గాజులమ్మ మట్టిగాజులు తొడిగేటప్పుడు చూడు, గాజుని సాగదీస్తుందా? చెయ్యి మడిచి బొటనవేలు లోపలికి నొక్కి, చేతినే సన్నం చేసి ఎక్కిస్తుంది. అంతే ఇది కూడా. నువ్వు గాజుని లాగుతున్నావు.

ఇప్పుడొకటి అడుగుతా, నువ్వు రెండో పక్క వాల్వు దగ్గర మొదలుపెట్టావు కదూ? చాలామంది అక్కడే మొదలుపెడతారు, వాల్వు కుదురుగా ఉంటుందని. అదే తప్పు. వాల్వు ఉన్నచోట ట్యూబుకి దళసరి రబ్బరు ఉంటుంది, కాడ ఉంటుంది, అది గాడిలో అడ్డంగా కూర్చుంటుంది, బీడ్ అక్కడ గాడిలోకి దిగలేదు. చివరి జానెడు నువ్వు దానికి ఎదురుగా ఎక్కిస్తున్నావు, అంటే వదులు రావాల్సిన చోటే బిగుసుకుపోయింది. కాబట్టి వాల్వుకి ఎదురుగా మొదలుపెట్టి రెండు పక్కలకీ సమానంగా వచ్చి వాల్వు దగ్గర ముగించు. చివర ఎక్కించే ముందు వాల్వుని వేలితో లోపలికి ఒక్కసారి తోసి వదులు, మూతి దగ్గర ట్యూబు బీడ్ కింద ఇరుక్కోకుండా పైకి లేస్తుంది.

రెండో సంగతి, ట్యూబులో గాలి ఎంత పెట్టావు? గుండ్రంగా నిలిచేంత చాలు, వేలితో నొక్కితే అణిగిపోవాలి. ఉబ్బి ఉంటే అది కూడా బీడ్‌ని గాడిలోకి పోనివ్వదు. అలాగని అసలు గాలి లేకుండా పెడితే మడతలు పడి లివర్ కిందకి వస్తుంది.

మొదలుపెట్టిన పక్క మోకాళ్ళు రెండూ వేసి కూర్చో, టైర్ పక్కలు రెండూ గాడిలోకి అణిగి ఉండాలి. లేవకు. చివరి నాలుగు అంగుళాలు వచ్చినప్పుడు ఆపి, మోకాళ్ళు ఉన్నచోటి నుంచి చేతులతో టైర్‌ని నొక్కుకుంటూ వదులంతా నీ ముందుకి లాక్కొచ్చుకో, అప్పుడు లివర్ వెయ్యి. ఇంకా మొండికేస్తే బలం పెట్టకు, అంటే వెనకెక్కడో బీడ్ గాడిలోంచి పైకొచ్చేసింది అని అర్థం, వెళ్ళి చూసుకో. మా దగ్గర పనిలో చేరిన కుర్రాళ్ళకి నేను మొదటి నెల లివర్ ఇచ్చేవాణ్ణి కాదు, మోకాలు ఎక్కడ పెట్టాలో నేర్చుకోమనేవాణ్ణి.

గ్రీజు వద్దు, ఇంజిన్ ఆయిల్ వద్దు. అవి ఆరవు, బ్రేకు వేసినప్పుడు రిమ్ము ఆగి టైర్ తిరుగుతుంది, దాంతో ట్యూబు కూడా తిరిగి వాల్వు మొదట్లో తెగిపోతుంది. రబ్బరుకి కూడా నూనె మంచిది కాదు. టైర్ పేస్టు దొరికితే అది, లేదంటే సబ్బు నీళ్ళు చిక్కగా చేసి బ్రష్షుతో బీడ్‌కి రెండు వైపులా రాయి, నీళ్ళలా పల్చగా కాదు. ఆరిపోయిందనిపిస్తే మళ్ళీ రాయి. పని అయ్యాక స్పోకుల మీద పడింది తడిగుడ్డతో తుడిచెయ్యి, లేకపోతే తుప్పు పడుతుంది. ట్యూబుకి మాత్రం పౌడర్ చల్లు, ఇంట్లో ముఖానికి రాసుకునేదే చాలు.


అరండల్‌పేట:

అన్నా, బాబాయ్ గారు చెప్పాక ఇంకేం చెప్పాలి గానీ ఒక చిన్న మాట. మనకి ఎండ ఉంది కదా, వాడుకోండి. నేను మా తమ్ముడి బండికి వేసినప్పుడు టైర్‌ని మేడ మీద పదకొండింటి నుంచి ఒక గంట ఎండలో పడేశా, మధ్యలో ఒకసారి తిరగేశా. పొద్దున కట్టెలా ఉన్నది మధ్యాహ్నానికి చేత్తో వంచితే వంగింది. ట్యూబు మాత్రం నీడలోనే ఉంచండి. మీది మేడ మీదే ఉంది అంటున్నారు, మరి సాయంత్రం పూట ట్రై చేశారా లేక మధ్యాహ్నమా?

నాది అల్లాయ్ వీల్, ట్యూబ్‌లెస్, అందుకని నేను వేరేలా చేస్తా, టైర్ రెండు పక్కల్నీ కలిపి ప్లాస్టిక్ టై పట్టీలతో ఐదారు చోట్ల బిగించేసి రెండూ ఒకేసారి ఎక్కించి తర్వాత పట్టీలు కోసేస్తా. లివర్ అవసరమే దాదాపు రాదు. ట్యూబున్నదానికి కూడా కొంతమంది చేస్తారు గానీ మొదటిసారి మీరు అది పెట్టుకోకండి, ట్యూబు నలిగిందో లేదో కనపడదు.

టైర్ మీద తిరిగే దిక్కు బాణం గుర్తు ఉంటుంది, చూసుకున్నారు కదా? పసుపు చుక్క ఉంటే అది వాల్వు దగ్గరికి రావాలి, టైర్‌లో తేలిక వైపు అదే.


పటమట హిమాలయన్:

బాబాయ్ గారూ, మీరన్నట్టే వాల్వు దగ్గరే మొదలుపెట్టా. రెండుసార్లూ అంతే చేశా. ట్యూబులో గాలి కూడా ఎక్కువే ఉంది, వేలితో నొక్కితే అణిగేది కాదు.

ఇవాళ ఒంటిగంటకి మొదలుపెట్టా. అరండల్‌పేట చెల్లి అడిగింది కరెక్టు, నేను ఇన్నాళ్ళూ డ్యూటీ నుంచి వచ్చాక రాత్రి ఎనిమిదింటికి కుస్తీ పడుతున్నా. ఇవాళ సెలవు, ఎండలో కాల్చి, ఆయిల్ డబ్బా ముక్కలు కోసుకుని, వాల్వుకి ఎదురుగా మొదలుపెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నా. నాన్నగారు కూడా వచ్చి ఒక లివర్ పట్టుకున్నారు, వద్దన్నా వినలేదు. చివరి జానెడు దగ్గరికొచ్చి మళ్ళీ బిగుసుకుంది, లివర్ పక్కన పెట్టేసి వెనక్కి చూస్తే నిజంగానే ఎడమ మోకాలి పక్కన బీడ్ గాడిలోంచి పైకొచ్చేసి ఉంది. దాన్ని మళ్ళీ అణిచి చేతులతో వదులు ఇటు లాక్కొచ్చి లివర్ వేస్తే, ఏం చెప్పమంటారు, రెండే రెండు తిప్పుల్లో టప్‌మని దిగిపోయింది. మూడు రోజులు నేను కొట్టుకున్నది దీనికోసమా అనిపించింది. గాలి నిలిచింది.

ఇప్పుడు ఇంకోటి. టైర్ పక్కన రిమ్ముని ఆనుకుని ఒక సన్న గీత ఉంది కదా చుట్టూ, అది అంతటా సమానంగా పైకి కనపడుతోంది గానీ ఒక చోట అరచేయంత మేర లోపలికి పోయి కనపడట్లేదు. చక్రం తిప్పితే అక్కడ ఎగుడుదిగుడుగా ఉంది. గాలి ఇంకా ఎక్కువ కొట్టనా?


ఆటోనగర్ పాత చెయ్యి:

శభాష్. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

గాలి ఊరికే పెంచుకుంటూ పోకు. బీడ్ కూర్చోడానికి బైక్ టైర్‌కి 40 పీఎస్ఐ దాటనివ్వకు, దాటితే బీడ్ తెగి టైర్ పగిలే ప్రమాదం ఉంది, చేతులు పోయినవాళ్ళని చూశా నేను. గీత లోపలికి పోయిందంటే అక్కడ బీడ్ ఇంకా గాడి దగ్గరే ఉంది, సబ్బు ఆరిపోయి పట్టేసింది. గాలి మొత్తం తీసెయ్యి, వాల్వు లోపల గాలి ఆపే పిన్ను కూడా తీసెయ్యి. ఆ చోట టైర్‌ని లోపలికి నొక్కి సబ్బు మళ్ళీ చిక్కగా రాయి, రెండు వైపులా. పిన్ను పెట్టి గాలి కొట్టి, చక్రం నిలబెట్టి ఆ చోటు నేలకి తగిలేలా నాలుగైదుసార్లు ఎత్తి వెయ్యి. కూర్చున్నప్పుడు చప్పుడు నీకే వినపడుతుంది. గీత చుట్టూ రెండు పక్కలా ఒకే ఎత్తులో కనపడాలి, అప్పటిదాకా బండికి ఎక్కించకు, ఆ వంకర 60 స్పీడులో హ్యాండిల్ దాకా తెలుస్తుంది.

అది కూర్చున్నాక మళ్ళీ ఒకసారి గాలంతా తీసి కొట్టు, లోపల ట్యూబు మడతలు ఏమున్నా సర్దుకుంటాయి. తర్వాత కంపెనీ చెప్పిన ప్రెషర్ పెట్టు. వాల్వు నట్టు రిమ్ముకి ఆనించి బిగించకు, పైకి క్యాపు దగ్గరికి తిప్పి వదిలెయ్యి. ఎప్పుడైనా టైర్ రిమ్ము మీద జారితే వాల్వు ఒక పక్కకి వాలి నీకు కంటికి కనపడుతుంది. నట్టు బిగిస్తే వాలడానికి ఉండదు, మొదట్లోనే తెగుతుంది, అదీ ఏ ఘాట్‌లోనో తెగుతుంది.


పటమట హిమాలయన్:

కూర్చుందండీ. పిన్ను తీసి సబ్బు రాసి మళ్ళీ కొట్టా, 35 దగ్గర టప్‌మంది, నాన్నగారు ఉలిక్కిపడ్డారు. గీత రెండు పక్కలా ఒక్కలాగే ఉంది, స్కేలు పెట్టి కొలిచి చూశా. నట్టు పైకే ఉంచా. చక్రం ఎక్కించి చైను సర్ది, వెనక బ్రేకు పెడలు నాలుగైదుసార్లు తొక్కితే గట్టిగా వచ్చింది. రేపు పొద్దున్నే కొండపల్లి దాకా వెళ్ళొస్తా, కొత్త టైర్ కాబట్టి నిదానంగానే, వచ్చాక గాలి, వాల్వు చూసి ఇక్కడ రాస్తా. శ్రీశైలం కార్తీకంలో, మళ్ళీ నాన్నగారితోనే. ఈసారి సంచిలో మూడు లివర్లు, ఒక ట్యూబు, చిన్న పంపు, సబ్బు ముక్క.