పెరట్లో తేనెపెట్టెలు: పక్కింటివాళ్లకి ఇబ్బంది లేకుండా కుదిరే పనేనా?

పెరటి మునగ (ఆదివారం, ఉదయం 7:40)
మాది రాజమండ్రి. 180 గజాల స్థలం, ఇల్లు పోను వెనక పదడుగుల పెరడు. మునగ, కరివేపాకు, రెండు కొబ్బరి చెట్లు, దోసపాదు ఉన్నాయి. దోసపూలు పూసినవి పూసినట్టే రాలిపోతుంటే పోయిన కార్తీకంలో రెండు పెట్టెలు తెచ్చి పెట్టాను. మన నాటు ఈగలే, పుట్ట తేనెటీగలు. దోస కాపు బాగుంది, తేనె కూడా కాస్త తీశాను. ఇప్పుడు పక్కింటివాళ్లు రెండు ఫిర్యాదులు చేస్తున్నారు. వాళ్ల నీళ్ల ట్యాంకు మీద ఈగలు ముసురుతున్నాయట, ఆరేసిన బట్టల మీద పసుపు చుక్కలు పడుతున్నాయట. ఇప్పటిదాకా వాళ్లలో ఎవరినీ కుట్టలేదు, నన్ను మాత్రం నాలుగుసార్లు కుట్టాయి. ఏం చేయాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. తీసేయమనే సలహా వద్దు.

ఎదురింటి అరుగు (ఆదివారం, 7:52)
తీసేయండి.

సరదా సుబ్బు (ఆదివారం, 8:05)
తేనె కిలో ఎంతకిస్తారు?

అడ్డతీగల కుర్రోడు (ఆదివారం, 9:30)
మా అమ్మమ్మగారింట్లో మట్టిగోడ తొర్రలో ఈ ఈగలే పట్టు పెట్టుకుని ఉండేవి. గోడకి ఇవతల మేం పడుకునేవాళ్లం. కాబట్టి భయపడాల్సిన జాతి కాదు. కానీ మీరు చెప్పకుండా వదిలేసినవి చాలా ఉన్నాయి.

పెట్టె ద్వారం ఎటు ఉంది? పక్కింటి వైపు ఉంటే ఈగలు బయటికి రాగానే తల ఎత్తులో వాళ్ల పెరట్లోంచే పోతాయి. ద్వారానికి నాలుగడుగుల దూరంలో ఆరడుగుల ఎత్తున తడికో, గ్రీన్ నెట్టో కట్టండి. దాన్ని దాటడానికి పైకి లేస్తాయి, ఆ తర్వాత మళ్లీ కిందికి దిగవు, మనుషుల నెత్తి మీదుగా పోతాయి.

నీళ్లు ముఖ్యం. వెడల్పు మూకుడులో గులకరాళ్లు పోసి, రాళ్లు మునగకుండా నీళ్లు పెట్టాలి. ఒక్క రోజు ఎండనిచ్చినా వేరే చోటు వెతుక్కుంటాయి, ఒకసారి అలవాటు పడ్డ చోటు మానవు. ట్యాంకు మూత బిగించి, కారే చోట ఆరబెట్టి, అదే రోజుల్లో మీ మూకుడు నిండుగా ఉంచితేనే మళ్లుతాయి.

పెట్టె విప్పేది ఎండ బాగా ఉన్న పొద్దుటిపూట. ముసలీగలు అప్పుడు మేతకి పోయి ఉంటాయి. సాయంత్రం, మబ్బు పట్టినప్పుడు ముట్టుకోవద్దు. పూత లేని రోజుల్లో పంచదార పాకం పెట్టాల్సి వస్తే లోపలే పెట్టండి. బయట గిన్నెలో పోస్తే ఊళ్లో ఉన్న ఈగలన్నీ దొంగతనానికి వస్తాయి, అప్పుడు మాత్రం కుడతాయి.

ఎదురింటి అరుగు (ఆదివారం, 10:10)
ఇంత రాశారు, పసుపు చుక్కల గురించి ఒక్క ముక్క లేదు. తెల్లపంచె మీద పడితే ఎవరు ఉతకాలి? తేనె ఈయనకి, మరకలు వాళ్లకా?

బాటనీ టీచరు (ఆదివారం, 10:45)
ఆ చుక్కలు వాటి రెట్టలు. ఈగలు గూట్లో మలవిసర్జన చేయవు, బయటికి వచ్చి ఎగురుతూ చేస్తాయి. పుప్పొడి తిన్నవి కాబట్టి పసుపు. ద్వారం ముందు కొంత దూరందాకా ఎక్కువ పడతాయి, అందుకే ద్వారం దిశ మార్చమంటారు. బొత్తిగా పడకుండా చేయడం మాత్రం ఎవరివల్లా కాదు.

పెరటి మునగ (ఆదివారం, 11:20)
ద్వారం తూర్పుకి ఉంది, వాళ్లిల్లు దక్షిణం. అయినా ఆ చుక్కలు నా ఈగలవేనని రుజువేంటి? ఊళ్లో ఎన్ని పట్టులు లేవు! మా వీధి చివర చెరుకురసం బండి మీద రోజూ వందల ఈగలుంటాయి. వాటన్నిటికీ నేనే యజమానినా?

ఎదురింటి అరుగు (ఆదివారం, 11:31)
రుజువు కావాలా! మా మామగారు అపార్టుమెంటులో మోటారు వేద్దామని మిద్దెక్కితే ట్యాంకు కింద పట్టు కదిలి మొహమంతా కుట్టాయి. రెప్ప మీద, పెదవి మీద, చెవి లోపల. ఆస్పత్రిలో మూడు రోజులున్నారు. ఇప్పటికీ మిద్దె మెట్లెక్కరు. ఇబ్బంది లేకుండా తేనెటీగలట!

పెరటి మునగ (ఆదివారం, 11:50)
అయ్యో, పాపం. కానీ అవి కొండ తేనెటీగలండీ. ఆరుబయట ఒకే పెద్ద పట్టు కట్టేవి. వాటిని ఎవరూ పెట్టెల్లో పెంచరు, పెంచలేరు. నావి సగం సైజు ఉంటాయి, చీకట్లో వరసగా పట్టులు కట్టుకుంటాయి. రెండూ ఒకటి కావు.

ఎదురింటి అరుగు (ఆదివారం, 11:54)
కుట్టేముందు ఆధార్ కార్డు చూపించమనాలా?

సరదా సుబ్బు (ఆదివారం, 11:56)
😂😂

కోర్టుపక్షి (ఆదివారం, 1:15)
ఎవరూ అడగలేదు గానీ చెప్తాను. తన దగ్గరున్న జంతువు వల్ల మనిషికి ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291 కింద నేరం. పాత ఐపీసీలో ఇదే 289. తేనెటీగ ఆ మాట కిందికి వస్తుందా రాదా అని వాదించుకోవచ్చు, నేనైతే రెండు వైపులా వాదించగలను. జాగ్రత్తలు తీసుకున్నట్టు ఫొటోలు పెట్టుకోండి.

బాటనీ టీచరు (ఆదివారం, 1:40)
కేసులెందుకు, చిన్న పని చెప్తాను. పొద్దున్నే పెట్టె ద్వారం దగ్గర బియ్యప్పిండి పల్చగా చల్లండి. బయటికి పోయే ఈగల ఒంటికి అంటుకుంటుంది. పక్కింటివాళ్లని అడిగి ట్యాంకు దగ్గర నిలబడి చూడండి. తెల్లగా కనబడితే మీవే.

ఇంకో మాట, కుట్టని ఈగలు కూడా ఉన్నాయి. గోడ చీలికల్లో మైనపు గొట్టం కట్టుకునే చిన్న నల్లవి. తేనె పావుకిలో, అరకిలో మించి రాదు, పుల్లగా ఉంటుంది. మీకు దోసకాయలే కావాలంటే అవి చాలు.

పెరటి మునగ (ఆదివారం, 3:05)
పిండి పని చేస్తాను. కానీ ఒకటి చెప్పక తప్పదు. ఈ రోజుల్లో జనానికి గడ్డి కనబడితే పాము, ఈగ కనబడితే హిట్టు. కాంక్రీటులో పుట్టి కాంక్రీటులో పెరిగిన మనుషులకి ప్రకృతి అంటే భయం. తేనెటీగ లేకపోతే కూరగాయ ఎక్కణ్ణుంచి వస్తుందో అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పేవాళ్లకి ఏం తెలుసు?

ఎదురింటి అరుగు (ఆదివారం, 3:22)
నాకు తెలీదా?

వినండయితే. మాకు గేదె ఉండేది. ఇప్పుడు మీరుంటున్నలాంటి కాలనీయే, మేం కట్టుకున్నప్పుడు చుట్టూ చెరుకు తోటలు. తెల్లారి నాలుగింటికి మా ఆవిడ పాలు తీసేది, ఆ పాలతోనే ఇద్దరు పిల్లల్ని చదివించాం. చుట్టూ ఇళ్లు లేచాక ఒక పెద్దమనిషి కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. వాసన, దోమలు, పిల్లల ఆరోగ్యం అని. 22 సంతకాలు. సంతలో వచ్చిన ధరకి అమ్మేశాం. మా ఆవిడ వారం రోజులు నాలుగింటికే లేచి పెరట్లో కూర్చునేది.

అదే పెద్దమనిషి ఇప్పుడు మిద్దెతోట వేశాడు. మొన్న నా దగ్గరికే వచ్చి, నాటు పేడ ఎక్కడ దొరుకుతుందండీ అని అడిగాడు. మిద్దె మీద తేనెపెట్టె కూడా పెట్టాడు. ఫొటోలకి లైకులు. దాని మీద ఎవరూ సంతకాలు సేకరించలేదు. గేదె అయితే గలీజు, ఈగ అయితే పర్యావరణం. గేదెని పక్కింటికి ఇబ్బంది లేకుండా పెంచడం ఎలాగని ఆ రోజు మమ్మల్ని ఒక్కరు అడిగారా? తడిక కట్టుకోండి, గుంత తవ్వుకోండి అని ఒక్కరు చెప్పారా?

మీ ఈగలతో నాకు పేచీ లేదు. పెట్టేముందు ఆ పక్కింటివాళ్లని అడిగారా, అది చెప్పండి.

కరీంనగర్ మల్లె (ఆదివారం, 4:00)
గిది అసలు ముచ్చట. మా దిక్కు గుడ అంతే, కోళ్లు వద్దంటరు, కుక్కలైతే నడుస్తయి.

కోర్టుపక్షి (ఆదివారం, 4:18)
ఆ 22 సంతకాలకి చట్టబలం ఏమీ లేదు. తొలగించమని ఉత్తర్వు ఇవ్వాల్సింది మేజిస్ట్రేటు. అప్పుడు నన్ను అడిగుంటే బాగుండేది.

ఎదురింటి అరుగు (ఆదివారం, 4:20)
అప్పుడు ఇంటర్నెట్టు లేదు సార్, గేదె ఉంది.

పెరటి మునగ (బుధవారం, రాత్రి 9:10)
రెండ్రోజులు ఏమీ రాయాలనిపించలేదు. ఇవాళ పొద్దున పిండి చల్లాను. పక్కింటాయన, నేను వాళ్ల మిద్దె మీద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ట్యాంకు మూత పగిలి ఉంది, పగులు దగ్గర చెమ్మ. అక్కడ వాలుతున్నవాటిలో ఇరవై నిమిషాల్లో మూడు తెల్లవీపులవి కనిపించాయి. మూడోదాన్ని ఆయనే చూపించారు. ఏమీ అనలేదు, వేలు చూపించారంతే.

అడిగారా అన్నారు కదా, అడగలేదు. నా పెరడు నా ఇష్టం అనుకున్నాను. ఇవాళ వాళ్లావిడ గోడ దగ్గర చెప్పింది, వాళ్లమ్మాయి వచ్చే నెల పురిటికి వస్తోందట. బట్టల మీద చుక్కలకంటే బాలింత, పసిపిల్ల ఉన్న ఇంట్లో ఈగలు తిరుగుతాయనేదే వాళ్ల భయం. ఇన్నాళ్లూ చుక్కలనే అన్నారు తప్ప ఈ మాట అనలేదు.

మూత నేను కొనిచ్చాను. ఒక పెట్టెని కడియం దగ్గర మా స్నేహితుడి కొబ్బరితోటకి పంపుతున్నాను. రెండోది ఉంటుంది, నెట్టు కట్టాను.

అడ్డతీగల కుర్రోడు (బుధవారం, 9:35)
కడియం మంచిదే, పూలకి కొదవ లేదు. చీకటి పడ్డాక ఈగలన్నీ లోపలికి చేరాక ద్వారానికి జాలీ కొట్టి తీసుకెళ్లండి. ఉన్న పెరట్లోనే పది గజాలు జరిపితే మాత్రం పాతచోటికే వచ్చి తిరుగుతాయి, జరిపితే కనీసం రెండు మూడు కిలోమీటర్లు జరపాలి. ఇంకోటి, ఎవరినైనా కుడితే ముల్లుని వెంటనే గోటితో గీకేయాలి, ఎంతసేపుంటే అంత విషం ఎక్కుతుంది. ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి అందకపోయినా చిట్కాలు చూడకుండా నేరుగా ఆస్పత్రికే. ఈ మాట పక్కింటివాళ్లకీ చెప్పి ఉంచండి.

ఎదురింటి అరుగు (బుధవారం, 9:50)
రెండోది ఉంటుందని వాళ్లన్నారా, మీరన్నారా?

పెరటి మునగ (బుధవారం, 9:58)
నేనే అన్నాను. సరేనన్నారు.

ఎదురింటి అరుగు (బుధవారం, 10:01)
గోడ మీదుగానా, వాళ్లింటికి వెళ్లా?

పెరటి మునగ (బుధవారం, 10:06)
గోడ మీదుగా.

ఎదురింటి అరుగు (బుధవారం, 10:07)
వెళ్లి అడగండి.

సరదా సుబ్బు (గురువారం, ఉదయం 6:30)
తేనె రేటు ఎవరూ చెప్పలేదు.