‘స్యాత్’ని ‘బహుశా’ అనొచ్చా?

గరివిడి నుంచి ప్రశ్న:
మా అబ్బాయి పోటీ పరీక్షల నోట్సులో జైనుల స్యాద్వాదం (ఏ మాటకైనా ముందు ‘స్యాత్’ చేర్చి చెప్పాలనే సిద్ధాంతం) కింద ‘బహుశా ఉంది, బహుశా లేదు’ అని ఉంది. చదివితే నవ్వొచ్చింది. తగవు చెప్పమని పెద్దమనిషి దగ్గరికి వెళ్తే ‘బహుశా నీదే తప్పు, బహుశా కాదు’ అన్నాడనుకోండి, మళ్లీ ఆయన గుమ్మం తొక్కుతామా? రామతీర్థం కొండల మీద తీర్థంకరుల విగ్రహాలున్నాయి. ఇంత దగ్గర ఉండి వాళ్ల మాటకి మన దగ్గర సరైన తెలుగు లేదా?

పాలకొండ నుంచి:
‘ఉండు’ అనే అర్థమున్న ‘అస్’ ధాతువు విధిలిఙ్ రూపం ‘స్యాత్’. మామూలు సంస్కృతంలో ‘కావచ్చు’ అనే అర్థం ఉంది, ‘బహుశా’ అనే అనువాదం అక్కడి నుంచే వచ్చింది. జైన తార్కికులు మాత్రం దాన్ని అవ్యయంగా తీసుకుని ‘కథంచిత్’, అంటే ‘ఒక విధంగా’ అని అర్థం చెప్పారు. ఇందులో సందేహం ఏమీ లేదు, షరతు ఉంది. మట్టికుండ మట్టిదిగా ఉంది, రాగిదిగా లేదు. ఈ గదిలో ఉంది, పక్క గదిలో లేదు. ద్రవ్యం (ఏ వస్తువు), క్షేత్రం (ఎక్కడ), కాలం (ఎప్పుడు), భావం (ఏ స్థితిలో), ఈ నాలుగూ చెప్పకుండా ‘ఉంది’ అంటే ఆ మాట సగమే. నా ఓటు ‘ఒక లెక్కన’కి.

ఆమదాలవలస నుంచి:
మాస్టారూ, ‘ఒక లెక్కన’ బాగుంది. మా ఊళ్లో చెరువు మదుము (తూము) దగ్గర ఏటా గొడవే. ఎగువ మడి రైతు ‘నీళ్లు ఎక్కువైపోయాయి, మూసెయ్యండి’ అంటాడు, దిగువాయన ‘చుక్క లేదు’ అంటాడు. ఇద్దరూ ఒట్లేస్తారు, ఇద్దరూ అబద్ధమాడరు. ఒక ఏడాది మా పెదనాన్న ఎవరిది తప్పో అడగలేదు. ‘ఏ మడికి? ఏ రోజుకి? పైరు ఏ దశలో ఉంది?’ అని అడిగాడు. ఎగువాయన ముందే ఉభాలు వేసేశాడు, లేత నాటు మునిగిపోతోంది. దిగువాయనకి ఇంకా దమ్ము పట్టలేదు. మదుము రాత్రి దిగువకి, పగలు కొంచెం ఎగువకి అని తేల్చాడు. క్షేత్రం, కాలం, భావం మూడూ వచ్చేశాయి కదా! ద్రవ్యం ఒకటే, ఆ చెరువు నీళ్లే.

నెల్లిమర్ల నుంచి:
అందరిదీ నిజమే అంటే గట్టు జరిపినవాడిదీ నిజమేనా? మా పక్కింటాయన రెండు జానలు జరిపాడు.

పాలకొండ నుంచి:
కాదండీ. గట్టు కొలిస్తే తేలిపోయేదానికి స్యాద్వాదం అక్కర్లేదు, కొలతబద్ద చాలు. ఒక్కో చూపుని జైనులు ‘నయం’ అంటారు. నా చూపొక్కటే పూర్తి నిజం, తక్కినవన్నీ తప్పు అంటే అది ‘దుర్నయం’. అబద్ధానికి ఇందులో చోటు లేదు.

రాజాం నుంచి:
చర్చ పక్కకి లాగుతున్నానేమో, క్షమించాలి. ‘నయానో భయానో ఒప్పించు’ అనేదాంట్లో ఉన్నదీ ఆ సంస్కృత ‘నయ’మే, ‘నడిపించు’ అనే ధాతువు నుంచి పుట్టినది. మన దగ్గర మెత్తదనం అయింది, జ్వరం తగ్గితే కూడా నయమే అయింది. ఇంకో తమాషా: ‘తగవు’ పాత కావ్యాల్లో న్యాయం. ‘తగవు కాదు’ అంటే ధర్మం కాదని. ‘తగవరి’ అంటే తీర్పు చెప్పేవాడు. ఇప్పుడు తగవు అంటే కొట్లాట! తీర్చేదానికీ రేగేదానికీ ఒకే మాట మిగిలింది. గరివిడి వారు ‘తగవు చెప్పమని’ అని రాశారు చూడండి, అందులో పాత అర్థం ఇంకా బతికే ఉంది.

గరివిడి నుంచి:
అందరికీ నమస్కారం. అబ్బాయి నోట్సులో ‘బహుశా’ కొట్టేసి ‘ఒక లెక్కన’ రాయించాను. పరీక్షలో మాత్రం అచ్చులో ఉన్నదే రాయమన్నాను, మార్కుల టెన్షన్ వాడిది. స్యాద్వాదం ఏడు భంగాల్లో, అంటే ఒక సంగతిని చెప్పే ఏడు తీరుల్లో, ‘అవక్తవ్యం’, చెప్పనలవి కానిది, అది ఒకటి మిగిలింది. ఉంది, లేదు రెండూ ఒకే మాటలో, ఒకేసారి చెప్పమంటే మాట చాలదట. మా అమ్మని అడిగితే ‘ఏటని సెప్తాం బాబూ’ అంది. సరిపోతుందంటారా?