వడ్డీతో పాటు పెరగాల్సిన కరెన్సీ పడిపోతే, అందులో రాజకీయ రిస్క్ వాటా ఎంతో ఎలా తేల్చాలి?

రేటు పెంచితే విదేశీ పెట్టుబడి వస్తుంది, కరెన్సీ బలపడుతుంది అన్నది మామూలు లెక్క. 2022 సెప్టెంబర్‌లో బ్రిటన్‌లో అది తిరగబడింది. 22న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ రేటును 1.75 నుంచి 2.25 శాతానికి పెంచింది. మర్నాడే ఆర్థిక మంత్రి క్వాసీ క్వార్టెంగ్ ఏటా దాదాపు 45 బిలియన్ పౌండ్ల పన్ను కోతలు ప్రకటించారు. ఆ లోటు ఎలా పూడుతుందో చెప్పలేదు, స్వతంత్ర బడ్జెట్ సంస్థ అంచనాలూ జతచేయలేదు. 26న పౌండు 1.03 డాలర్ల దాకా జారింది. బాండ్ల రాబడి మాత్రం ఎగబాకింది. రెండూ ఎదురెదురుగా నడిచాయంటే మార్కెట్ అడుగుతున్నది వడ్డీ కాదు, భయానికి పరిహారం.

టర్కీ కథ వేరు, సులువు కూడా: 2021 చివర్లో ధరలు మండుతుంటే రేటును 19 నుంచి 14 శాతానికి తగ్గించారు, లీరా కూలింది.

నా సందేహం బ్రిటన్ లాంటి సందర్భం గురించే. రెండు దేశాల రెండేళ్ల బాండ్ల రాబడి తేడాపై రోజువారీ మారకపు రేటు మార్పును రిగ్రెషన్ చేసి (అంటే ఆ తేడా ఎంత మార్పును వివరిస్తుందో గణాంకంగా లెక్కగట్టి), మిగిలినదాన్ని రిస్క్ ప్రీమియం, అంటే ఆ భయానికి పరిహారం, అనుకోవచ్చా? చిక్కేమిటంటే ఆ రాబడిలోనే భయం కలిసి ఉంటుంది. పైగా 28 నుంచి కేంద్ర బ్యాంకే దీర్ఘకాలిక బాండ్లు కొనడంతో ఆ తర్వాతి డేటా నమ్మదగ్గది కాదు. డాలర్ ఇండెక్స్‌తో (కొన్ని ప్రధాన కరెన్సీలతో డాలర్ విలువను కొలిచే సూచీ) సరిచేద్దామంటే అందులో పౌండు వాటాయే 11.9 శాతం, ముందు దాన్ని తీసేయాలి. సీడీఎస్ (అప్పు ఎగవేతకు బీమా లాంటి ఒప్పందం) ధరలను మూడో చలరాశిగా చేరిస్తే సరిపోతుందా, లేక ఆప్షన్ల నుంచి వచ్చే రిస్క్ రివర్సల్ (కరెన్సీ పడుతుందన్న ఆప్షన్లకూ, పెరుగుతుందన్న ఆప్షన్లకూ ధరల్లో తేడా) మెరుగా? ఈ పని చేసినవాళ్లు ఎన్ని రోజుల విండో (లెక్కలోకి తీసుకునే కాలం) తీసుకున్నారో కూడా చెప్పగలరు.